ఆమ్, ఈజ్, ఆర్: మా ఇంటి పాఠం

ఆర్.ఎస్. పురంలో డి.బి. రోడ్డు మీద ఎటు చూసినా ఇంగ్లీషు బోర్డులే. ఆ దారినే ఇరవై ఏండ్లు షిఫ్టుకి పోయి వచ్చినదాన్ని. కోను వైండింగులో తెగిన నూలు కండ్లు మూసుకొని ముడి వేస్తాను గాని, ఇంగ్లీషులో రెండు మాటలు కలపాలంటే నోరు రాదు.

పోయిన నెల మా చిన్నది బడి నుంచి వచ్చి సంచి మూలకు పడేసింది. "ఇంక నేను క్లాసులో చెయ్యెత్తనమ్మా" అనింది. ఏమంటే, "మై మదర్ మిల్ వర్కర్" అని చెప్పిందంట. నడుమ 'ఈజ్' లేదని పిల్లలు నవ్వినారంట. వాళ్లు నవ్వింది ఈజ్ లేనందుకా, అమ్మ మిల్లు వర్కరైనందుకా? దానికి తెలీలేదు. అదే దాని బాధ. నాకూ ఆ రాత్రి అన్నం దిగలేదు.

మా వీధిలో రిటైరైన అయ్యవారు ఒకాయన ఉన్నారు. ఇద్దరమూ పోయి అడిగినాం. "తప్పు పాపది కాదమ్మా. 'మా అమ్మ మిల్లు వర్కరు' అంటే తెలుగులో క్రియే అక్కరలేదు. తమిళంలోనూ అంతే. మన రెండు భాషల్లోనూ ఆ చోటు ఖాళీ. ఇంగ్లీషు దాన్ని ఖాళీగా ఉండనీదు" అన్నారు.

తర్వాత లెక్క చెప్పినారు. మన 'ఉండు'కి ఉన్నాను, ఉన్నావు, ఉన్నాడు, ఉంది, ఉన్నాం, ఉన్నారు, ఉన్నాయి అని ఏడు రూపాలు. పుట్టినప్పటి నుంచి తప్పు లేకుండా పలుకుతున్నాం. ఇంగ్లీషు 'బీ'కి ఇప్పటి కాలంలో మూడే. ఐ పక్కన ఆమ్. హీ, షీ, ఇట్ పక్కన ఈజ్. వీ, యూ, దే పక్కన ఆర్. యూ ఒక్కరైనా ఆరే. మనం పెద్దాయన ఒక్కరినే 'మీరు ఉన్నారు' అనమా, అట్లా.

మిగతా క్రియలు ఇంత తిక్కవి కావు. వర్క్ అనేది హీ, షీ పక్కన వర్క్స్ అవుతుంది, అంతే. హావ్ మాత్రం హాజ్ అవుతుంది. మరి 'బీ' ఎందుకిట్లా? వేరేవేరే పాత క్రియలు కలిసి ఒకటైనాయంట. ఆమ్, ఈజ్ అనేవి సంస్కృతం అస్మి, అస్తికి చుట్టాలు. 'బీ' అనేది భవతికి చుట్టం. రెండు మిల్లుల నూలు ఒకే కోనుకి చుట్టినట్టు అనుకున్నాను నేను.

ఇప్పుడు రోజూ వంట చేస్తూ మేమిద్దరం అప్పజెప్పుకుంటాం. నేను తప్పితే అది దిద్దుతుంది. నవ్వుకుంటాం, కానీ అది వేరే నవ్వు.

పోయిన వారం క్లాసులో మళ్లీ చెయ్యెత్తిందంట. "మై మదర్ ఈజ్ ఎ మిల్ వర్కర్" అని నిండుగా చెప్పిందంట. ఎవరూ నవ్వలేదు. ఇంటికొచ్చి నాచేత కూడా అనిపించింది: "ఐ ఆమ్ ఎ మిల్ వర్కర్."

మీ ఇంట్లో పిల్లలు 'ఈజ్' మరిస్తే తిట్టకండి. పక్కన కూర్చోండి. నడుమనున్న ఆ 'ఎ' సంగతి మాకూ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. అది తెలిసినాక ఇంకో నెల రాస్తాను.