నొప్పిని దాచుకునే పిల్లలు

అస్ర్ నమాజు అయ్యాక నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, నారాయణపేట... ఏ ఊరి మైదానానికి వెళ్లినా ఒకటే దృశ్యం. ఒక మూల వాలీబాల్, మరో మూల కబడ్డీ, మిగిలిన చోటంతా క్రికెట్. కాళ్ల కింద పచ్చిక ఉండదు, గట్టి మొరం నేల. సగం మంది కాళ్లకు బూట్లుండవు. మగ్రిబ్ అజాన్ వినబడగానే పిల్లలంతా ఇళ్లకు పరుగు తీస్తారు. వారిలో ఒకడు కుంటుతూ వస్తాడు. ఇంటి గుమ్మం దగ్గర పడగానే మాత్రం పళ్లు బిగబట్టి మామూలుగా నడుస్తాడు.

ఎందుకు? అమ్మీ చూస్తే రేపటి నుంచి ఆట బంద్. అబ్బా చూస్తే చీవాట్లు. ఆడపిల్లయితే చెప్పనే అక్కర్లేదు, అనుమతి దొరికిందే కష్టం మీద, అది కాస్తా పోతుంది. అందుకే పిల్లలు నొప్పిని దాచుకుంటారు. ఆటలో తగిలే దెబ్బ కంటే ఈ దాపరికమే ఎక్కువ నష్టం చేస్తుందని మనం గుర్తించాలి.

పిల్లల ఎముక వేరు

పెద్దవారి ఎముకకు, ఎదిగే పిల్లల ఎముకకు తేడా ఉంది. పిల్లల ఎముకల చివర్లలో మెత్తని మృదులాస్థి పొర ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడి నుంచే. ఎదుగుదల పూర్తయ్యాక, అంటే ఇంచుమించు ఆడపిల్లల్లో 14, 15 ఏళ్లకు, మగపిల్లల్లో 16, 17 ఏళ్లకు అది గట్టిపడుతుంది. అంతవరకు కీలు దగ్గర ఎముకకు అదే బలహీనమైన చోటు. పెద్దవారికి బెణుకుతో పోయే దెబ్బ పిల్లలకు అక్కడ విరుగుడు కావచ్చు. దాన్ని సరిగా చూపించకపోతే కాలో చెయ్యో వంకరగా, పొట్టిగా ఎదిగే ప్రమాదం ఉంది.

దెబ్బలు రెండు రకాలు. పడినప్పుడు, ఢీకొన్నప్పుడు తగిలేవి ఒక రకం. అవి కంటికి కనబడతాయి. రెండోది, ఒకే కదలిక వందలసార్లు చేయడం వల్ల నెమ్మదిగా వచ్చే నొప్పి. వాలీబాల్‌లో పదే పదే ఎగిరే పిల్లవాడికి మోకాలిచిప్ప కింద చిన్న బొడిపెలా లేచి నొప్పి పుడుతుంది. 1903లో అమెరికాలో ఆస్గుడ్, స్విట్జర్లాండ్‌లో ష్లాటర్ అనే ఇద్దరు వైద్యులు విడివిడిగా దీన్ని వివరించారు. నేటికీ ఈ జబ్బును వారి పేర్లతోనే పిలుస్తారు. ఆట తగ్గించి, తొడ కండరాలను సాగదీసే వ్యాయామాలు చేస్తే చాలావరకు తగ్గిపోతుంది. అయితే పిల్లవాడు చెబితేనే కదా మనకు తెలిసేది!

మొదటి రెండు రోజులు

చీలమండ బెణికిందనుకోండి. మన ఇళ్లలో వెంటనే చేసే పని నూనె కాచి మాలిష్ చేయడం. ప్రేమతో చేసే పనే, కాని మొదటి రెండు రోజులు అది కీడు చేస్తుంది. లోపల తెగిన సన్నని రక్తనాళాల నుంచి రక్తం కారుతున్నప్పుడు వేడి తగిలినా, పిసికినా వాపు పెరుగుతుంది. ఆట ఆపించి, మంచుగడ్డను శుభ్రమైన గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టాలి. ఒంటికి నేరుగా ఆనిస్తే చర్మం దెబ్బతింటుంది. తర్వాత సాగే పట్టీ చుట్టి, కాలు దిండు మీద ఎత్తుగా ఉంచాలి. పిల్లవాడు ఆ కాలిమీద నాలుగు అడుగులు వేయలేకపోతే, లేదా ఎముక మీద నొక్కితే విలవిల్లాడితే, తెల్లారేదాకా ఆగకుండా ఎక్స్‌రే తీయించాలి.

తలకు దెబ్బ తగిలిన సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. కబడ్డీలో తలలు ఢీకొంటాయి. కాసేపటికి లేచి నవ్వుతున్నాడు కదా అని మళ్లీ బరిలోకి పంపకూడదు. ఆ రోజుకు ఆట ముగిసినట్టే. వాంతి, మగత, మాట తడబడటం, పెరుగుతున్న తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి.

ఇక నాటు కట్టు. బొక్క విరిగితే కట్టు కట్టించడం మన పల్లెల్లో తరాలుగా ఉన్న అలవాటు. ఖర్చు తక్కువన్న మాట నిజమే. కాని ఎక్స్‌రే లేకుండా, వాచిన చెయ్యి మీద బద్దలు పెట్టి బిగించి కడితే రక్తప్రసారం ఆగిపోవచ్చు. వేళ్లు నల్లబడినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, కదిపితే భరించలేని నొప్పి వచ్చినా కట్టు వెంటనే విప్పించాలి. అక్కడ గంటలు కూడా లెక్కే, ఆలస్యమైతే చెయ్యే పోతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ రెండు చోట్లా నేడు ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. ఆపరేషన్ అవసరమైతే ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అక్కడి ఆరోగ్యమిత్రను అడగాలి. అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఉస్తాదు నేర్పిన పాఠం

దెబ్బ తగలకుండా చూసుకోవడం ఖరీదైన పనేమీ కాదు. మన పాత తాలీంఖానాలను గుర్తు చేసుకోండి. కుర్రాడు రాగానే ఉస్తాదు కుస్తీకి దించేవాడు కాదు. ముందు గోదాలో మట్టి తవ్వించి మెత్తబరిచేవాడు. దండీలు, బస్కీలు తీయించి, ఒంటికి చెమట పట్టాకే పట్టు పట్టనిచ్చేవాడు. అదే సంగతిని నేటి వైద్యశాస్త్రం లెక్కలతో రుజువు చేసింది. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ బాలికల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2008లో వెలువడింది. ఆటకు ముందు ఇరవై నిమిషాలు నెమ్మది పరుగు, ఒంటికాలి మీద నిలబడటం, సరిగా ఎగిరి దిగడం, తొడ కండరాల వ్యాయామాలు చేసిన జట్లలో గాయాలు మూడింట ఒక వంతు దాకా తగ్గాయి. వీటికి కావలసింది కాస్త చోటు, కాస్త ఓపిక, అంతే.

రెండోది విశ్రాంతి. వారానికి కనీసం ఒక రోజు పూర్తిగా సెలవివ్వాలి. పిల్లవాడి వయసు పదమూడైతే వారానికి పదమూడు గంటలకు మించి సాధన వద్దన్నది క్రీడావైద్యులు చెప్పే తేలికైన కొలత. ఒకే పిల్లవాడితో పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా ఫాస్ట్ బౌలింగ్ వేయిస్తే నడుము ఎముకలో సన్నని బీట పడుతుంది. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు వయసును బట్టి ఓవర్లకు హద్దు పెట్టింది ఇందుకే. మూడోది నేల. ఆటకు ముందు రాళ్లు, గాజు పెంకులు ఏరడం, కబడ్డీ బరిని తవ్వి తడపడం పెద్దలు దగ్గరుండి చేయించాలి.

ఎండ, ఉపవాసం

నల్గొండ ఎండ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. మే నెలలో 45 డిగ్రీల దాకా పోతుంది. వేసవి శిబిరాలు తెల్లవారుజామున, ఎండ తగ్గాకే జరగాలి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్య మధ్య నీళ్లు తాగించాలి. తల తిరిగి, మాట తేడా వస్తే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ ఆసుపత్రికి తరలించాలి.

2018లో రంజాన్ మే, జూన్ నెలల్లో వచ్చింది. ఇప్పుడు చలికాలం వైపు జరుగుతోంది. అయినా రోజాతో ఉన్న పిల్లలకు కఠిన సాధన ఇఫ్తార్ తర్వాత పెట్టడమే మేలు. రంజాన్ రాత్రుల్లో లైట్ల కింద క్రికెట్ ఆడి, నిద్ర లేకుండా సహరీకి లేచి, మళ్లీ పగలు బడికి వెళ్లే పిల్లల ఒళ్లు అలిసిపోతుంది. అలిసిన కాలే ముందు బెణుకుతుంది. దెబ్బ తగిలి మందులు వాడుతున్న వారికి షరియత్ ఇచ్చిన వెసులుబాటును కూడా పెద్దలు గుర్తు చేయాలి.

మన నీళ్లు, మన ఎముకలు

నల్గొండ పేరు చెప్పగానే ఫ్లోరైడ్ గుర్తుకు రావడం మన దురదృష్టం. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే విధానాన్ని రూపొందిస్తే దానికి ‘నల్గొండ పద్ధతి’ అనే పేరు వచ్చింది. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రపంచం దృష్టికి తెచ్చారు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చాక పరిస్థితి ఎంతో మారింది. కాని మైదానం పక్కనో పొలంలోనో ఉన్న బోరు నీళ్లు తాగే అలవాటు పిల్లల్లో పూర్తిగా పోలేదు. ఇంటి నుంచి సీసాలో మంచినీళ్లు పంపాలి. పాలు, పెరుగు, గుడ్డు, తైదల జావ, నువ్వులు ఎముకకు బలం. ఆడకపోయినా నడుము, మెడ బిగుసుకుపోతుంటే అది ఆట నొప్పేనని సరిపెట్టుకోకుండా డాక్టరుకు చూపించాలి.

ఆడపిల్లల సంగతి

ఎగిరి దిగే, హఠాత్తుగా తిరిగే ఆటల్లో మోకాలి లిగమెంటు తెగడం మగపిల్లల కంటే ఆడపిల్లల్లో ఎక్కువ. పైన చెప్పిన వ్యాయామాలు వారికి మరింత అవసరం. తిండి తగ్గించి ఎక్కువగా ఆడితే నెలసరి ఆగిపోయి, ఎముక పలచబడి, చిన్న ఒత్తిడికే బీట పడవచ్చు. నెలసరి తప్పడం తల్లికి చెప్పుకోదగిన విషయమని బిడ్డకు తెలియాలి. తల కప్పుకుని ఆడే పిల్లలు గుండుసూదులు, పిన్నులు వాడకూడదు. మెడకు బిగుసుకోని, సాగే గుడ్డతో కుట్టిన ముసుగు వాడాలి. ఫుట్‌బాల్‌లో 2014లో, బాస్కెట్‌బాల్‌లో 2017లో అంతర్జాతీయ నిబంధనలు అలాంటి ముసుగుకు అనుమతినిచ్చాయి.

నిజామాబాద్ నుంచి వచ్చిన నిఖత్ జరీన్‌ను చూడండి. ముఖం మీద దెబ్బలు చూసి పెళ్లెవరు చేసుకుంటారని తల్లి కంటతడి పెట్టిందని ఆమే చెప్పుకున్నారు. అయినా ఆట మాన్పించలేదు. 2017లో భుజానికి గాయమై శస్త్రచికిత్స జరిగింది. చాలాకాలం బరికి దూరంగా ఉండవలసి వచ్చింది. తొందరపడకుండా కోలుకున్న ఆ భుజమే 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత పతకాలు తెచ్చింది. అదే ఊరి హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్‌కు చేరాక మోకాలి గాయంతో తప్పుకున్నాడు. కాంస్యంతో తిరిగి వచ్చాడు. స్వర్ణం రెండు మెట్ల దూరంలో ఉండగా ఆగడానికి కూడా ధైర్యం కావాలి. అతణ్ని ఎవరూ పిరికివాడనలేదు.

మన పిల్లలకు అంత పెద్ద వైద్య బృందాలు లేవు. వారి మొదటి వైద్యురాలు అమ్మీయే. కుంటుతూ వచ్చిన బిడ్డను చూడగానే ‘ఇక ఆట బంద్’ అని గద్దించకుండా ‘ఎక్కడ నొప్పి బేటా, కూర్చో’ అని అడిగితే చాలు. ‘నయమయ్యాక మళ్లీ ఆడుకుందువు గాని’ అన్న మాట కూడా కలిపితే, రేపు ఆ బిడ్డ గుమ్మం దగ్గర నడక మార్చుకోవలసిన పని ఉండదు.