ఇందూరు మాట, బాన్సువాడ పిల్ల

2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’ వచ్చినప్పుడు మన ఇందూరు (నిజామాబాద్) జిల్లావాళ్లకు కథ కన్నా ముందు చెవిన పడింది కథానాయిక భానుమతి మాట. బాన్సువాడ పిల్ల. అమెరికా నుంచి దిగిన కుర్రాడి ముందు కూడా యాస మార్చదు, గొంతు తగ్గించదు. నీలగిరుల బిడ్డ సాయిపల్లవి ఆ యాస నేర్చుకుని తానే డబ్బింగ్ చెప్పింది. నిర్మాత దిల్ రాజుదీ మన జిల్లానే.

అంతకుముందు దశాబ్దాల తరబడి తెలుగు సినిమా ఈ తెలంగాణ మాటను ఎక్కువగా రౌడీకి, లేకుంటే నవ్వించే పాత్రకు ఇచ్చింది. అమ్మ నోట రోజూ వినే మాటే తెర మీద తిట్టుగానో ఎగతాళిగానో వినపడితే పిల్లవాడు ఏమనుకుంటాడు? చదువుకు హైదరాబాద్ పోయినంక నలుగురిలో ‘ఏంది’ అనబోయి ‘ఏమిటి’ అంటాడు. యాసలో లోపమేమీ లేదు. దాన్ని ఎవరి నోట పెట్టారన్నదే అసలు సంగతి. కథానాయిక నోట పెట్టగానే అదే మాట ముద్దొచ్చింది. మాట మారలేదు, వినే చెవి మారింది.

ఈ గడ్డ మీద మాటకు ఇంతకన్నా గట్టి పరీక్షే జరిగింది. 1948లో ఇందూరు ఖిల్లా జైలులో కవి దాశరథి కృష్ణమాచార్య ఖైదీ. తోడుగా రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి. కాగితం లేదు, కలం లేదు. దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యాలు రాశాడు. నిజాం పేరున్న ఊళ్లో, నిజాం జైలు గోడ మీద, నిజాంకు ఎదురుగా!

అట్లని నిజామాబాద్ అన్న పేరును పరాయిదనలేను. 1931కి పూర్తయిన నిజాంసాగర్ నీళ్లు తాగే మన పొలాలు పండినై. ఆ పొలాల చెరుకును నమ్ముకునే 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. దాని చుట్టూ శక్కర్‌నగర్. క్రషింగ్ మొదలైతే కాటా దగ్గర చెరుకు బండ్ల బారు, ఊరంతా మొలాసిస్ వాసన. ఉర్దూ, మరాఠీ, తెలుగు కలిసిన ముచ్చట్లు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడ్డది. చెరుకు మళ్లల్లో చాలావరకు వరి వచ్చింది.

శక్కర్‌నగర్ పేరు మాత్రం అట్లనే ఉంది. కానీ ఆ పేరు వినగానే పెద్దలకు గుర్తొచ్చేది పిల్లలకు తెలియదు. చెప్పేవాళ్లు లేకుంటే అది ఉత్త చిరునామాగా మిగులుతుంది.

అందుకే ఈ సావనీర్ చదివే బోధన్, బాన్సువాడ, ఇందూరు అన్నలకు, అక్కలకు నా మనవి ఒక్కటే. ఫ్యాక్టరీలో పనిచేసిన మీ నాయినలను, చెరుకు నరికిన మీ పెద్దలను ఫోన్లో మాట్లాడించండి, రికార్డు చేయండి, వాళ్ల మాటల్లోనే రాసి పంపండి. బతుకమ్మ వేదిక మీద మీ పిల్లలు నానమ్మ మాట్లాడినట్లే మాట్లాడితే దిద్దకండి, చప్పట్లు కొట్టండి.