అసలుకే ఎసరు పెట్టకండి

మా అక్క కూతురి అన్నప్రాసన. చాప మీద పుస్తకం, కలం, బంగారు గొలుసు, నోట్లు వరసగా పెట్టారు. పిల్ల పాక్కుంటూ వెళ్లి కలం పట్టుకుంది. ఫోన్‌ని పైనుంచి నేలకేసి వంచి తీయడంతో వీడియో అడ్డంగా వచ్చింది. ఈమధ్య అక్క దాన్ని గ్యాలరీలో తిప్పి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, అసలు ఫైలు తీసేసింది. మిగిలిన కాపీలో పిల్ల చేతిలో ఉన్నది కలమో అగరొత్తి పుల్లో తెలియడం లేదు.

"తిప్పి వాట్సాప్‌లో పంపుకుంటే నిటారుగా సేవ్ అయిపోతుంది, పాతది తీసేయొచ్చు" అని ఎవరో చెప్పారట. ఈ మాట నాకూ చాలామంది చెప్పారు. దయచేసి నమ్మకండి. మామూలుగా పంపితే వాట్సాప్ చేరవేసేది కుదించిన నకలునే. ఐఫోన్‌లో పాత ఫార్మాట్‌లో తీసిన ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 130 ఎంబీ. వాట్సాప్‌లో చాలాకాలం వీడియోకు హద్దు 16 ఎంబీ. 2023లో హెచ్‌డీ ఆప్షన్ వచ్చాక కూడా కుదింపు పూర్తిగా ఆగలేదు. అలా పోయిన వివరం మళ్లీ రాదు. తీసిన తేదీ కూడా పోతుంది, ఆండ్రాయిడ్‌లో ఫైలు పేరు మీద వాట్సాప్ తేదీ పడుతుంది.

ఇంతకీ అడ్డంగా వచ్చిన ఆ అసలు ఫైలు పాడైపోలేదు. ఫోన్ ఎలా పట్టుకున్నా లోపలి సెన్సర్ ఒకే వాటంలో రికార్డు చేస్తుంది. నిలువుగా పట్టుకుంటే, చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పమని ఎంపీ4 ఫైల్లో ఫోన్ ఒక చిన్న గుర్తు రాస్తుంది. రికార్డు నొక్కిన క్షణంలో ఫోన్ ఎటు ఉందో అదే ఆ గుర్తు. ఫోన్ నేలకు సమాంతరంగా ఉంటే ఏది పైవైపో దానికి తెలియదు. కాబట్టి మార్చాల్సింది ఆ గుర్తునే. కంప్యూటర్‌లో లాస్‌లెస్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ పని క్షణాల్లో చేస్తుంది. బొమ్మలో ఒక్క చుక్క మారదు, కొత్త ఫైలు వస్తుంది, పాతది అలాగే ఉంటుంది.

వీఎల్‌సీ ప్లేయర్‌లో తిప్పితే చాలంటారు. అది మీ తెరమీద మాత్రమే తిరుగుతుంది, ఫైల్లో కాదు. తిప్పి స్క్రీన్ రికార్డింగ్ చేయడం ఇంకా దండగ. షూటింగ్ మధ్యలో ఫోన్ తిప్పితే సర్దుకుంటుందన్నదీ అబద్ధమే.

"తిప్పితే క్వాలిటీ పోతుంది" అన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. 2000ల నాటి డిజిటల్ కెమెరాల ఏవీఐ ఫైళ్లలో ఆ గుర్తు రాయడానికి చోటే లేదు. కొన్ని టీవీలు గుర్తు ఉన్నా పట్టించుకోవు, పెన్‌డ్రైవ్ పెట్టగానే మళ్లీ అడ్డంగా చూపిస్తాయి. అప్పుడు బొమ్మనే తిప్పి మళ్లీ ఎన్‌కోడ్ చేయక తప్పదు, కొంత పోకా తప్పదు. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో క్వాలిటీని నిర్ణయించే ఆర్ఎఫ్ విలువ 18 దగ్గర పెడితే ఆ తేడా కంటికి ఆనదు. ఆ కాపీ టీవీకి. అసలు ఫైలు హార్డ్‌డిస్క్‌లోనే ఉండాలి.

బంధువులకు పంపాలంటే వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ దాకా ఫైలు ఉన్నదున్నట్టు వెళ్తుంది. పాత ఫోన్ ఎక్స్చేంజ్‌కు ఇచ్చేముందు అందులోని వీడియోలన్నీ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి దింపుకోండి. మెమరీ కార్డు తీసి దాచండి. అన్నప్రాసన రోజు వీడియో తీసింది మా బావ. ఆయన పాత ఫోన్ బీరువాలో దొరికింది, చార్జర్ కోసం ఇల్లంతా వెతుకుతున్నాం.