తాతల నాటి నాణేలకు వెల కట్టేదెలా?

పెద్దల నుంచి వచ్చిన నాణేల మూటలో ఎక్కువ భాగం మామూలువే ఉంటాయి. విక్టోరియా రాణి రూపాయలు, జార్జి రాజు అణాలు, చిల్లు కాణీలు, నయాపైసలు కోట్ల సంఖ్యలో ముద్రించినవి. వెండివైతే వెండి ధరకు కాస్త అటూ ఇటూ పలుకుతాయి, రాగివైతే నామమాత్రపు ధరే. వాటి మధ్య ఒకటో రెండో అరుదైనవి ఉండే అవకాశం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. పాతదైతే చాలు లక్షలు వస్తాయన్న ఆశను ముందే పక్కన పెట్టాలి. రెండు వేల ఏళ్ల నాటి శాతవాహనుల సీసపు నాణెం, మామూలు రకమైతే, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. అదే 1939 నాటి ఆరో జార్జి వెండి రూపాయి లక్షలు పలుకుతుంది. ఎన్ని మిగిలాయి, ఎంత బాగా మిగిలాయి, కొనేవాళ్లు ఎందరున్నారు అన్నదాన్ని బట్టే వెల. వయసుకు అందులో దక్కే వాటా చిన్నది.

మూట విప్పగానే చేయకూడని పని ఒకటుంది: తోమడం. రాగి నాణేన్ని చింతపండుతో, వెండి రూపాయిని విభూతితోనో పళ్లపొడితోనో తళతళలాడించడం మన ఇళ్లలో అలవాటు. పూజగదిలోని నాణేలకు ప్రతి పండక్కీ ఈ సేవ తప్పదు. చింతపండులోని ఆమ్లం లోహపు పైపొరను తినేస్తుంది, పొడి సన్నని గీతలు పెడుతుంది. ఏళ్ల తరబడి గాలి తగిలి పట్టిన ముదురు రంగు నాణెం తోమనిదనడానికి సాక్ష్యం. సేకర్తలు వెతికేది దానికోసమే. తోమిన సంగతి నిపుణుడి కంటికి క్షణంలో తెలిసిపోతుంది, ధర అక్కడే పడిపోతుంది. పసుపు, మట్టి పేరుకుపోయి అక్షరాలే కనిపించకపోతే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టడం వరకే చేయాలి. నాణేన్ని అంచులతోనే పట్టుకోవాలి. రబ్బరు బ్యాండ్లలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. పీవీసీ కవర్లు కొన్నేళ్లకు ఆకుపచ్చని జిగురు వదులుతాయి, కాబట్టి అవి కూడా వద్దు.

పోయినవారు శ్రద్ధగా సేకరించినవారైతే వారి కవర్లు, చీటీలు, కొన్న రసీదులు పారేయకూడదు. ఏ నాణెం ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంతకు కొన్నదో చెప్పే కాగితం అసలుదేనని నమ్మించడానికి పనికొస్తుంది. వేరుచేయడం మొదలుపెట్టేముందు అన్నిటినీ రెండు వైపులా ఫొటో తీసి ఒక జాబితా రాసుకుంటే అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల మధ్య పంపకాల వేళ మాటపట్టింపులు తగ్గుతాయి. గ్రాములో నూరో వంతు చూపే చిన్న ఎలక్ట్రానిక్ తూకం, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, ఒక అయస్కాంతం ఉంటే ఇంట్లో చేయగలిగిన పనంతా అయిపోతుంది.

పాలకుల వారీగా కుప్పలు పోయడం తేలిక దారి. ఈస్టిండియా కంపెనీ తన పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రకం రూపాయిని 1835లో తెచ్చింది. దాని మీద నాలుగో విలియం బొమ్మ, బరువు 11.66 గ్రాములు, అంటే పాత లెక్కన సరిగ్గా ఒక తులం. వెండి 91.7 శాతం. తర్వాతి రాజులు మారినా 1939 దాకా ఈ కొలత మారలేదు. విక్టోరియా పేరు పక్కన 1876 వరకు ‘రాణి’ అనీ, 1877 నుంచి ‘చక్రవర్తిని’ అనీ ఇంగ్లిషులో ఉంటుంది. 1862 అని ఉన్న రూపాయలను చూసి సంబరపడనక్కర్లేదు. అదే సంవత్సరాన్ని ఉంచి పదేళ్లకు పైగా ముద్రించారు. 1907 నుంచి వచ్చిన అంచు వంకీల అణా మీద విలువ తెలుగు అక్షరాల్లోనూ ఉండటం మనవాళ్లకు ముచ్చట గొలిపే సంగతే గానీ, దానివల్ల ధర పెరగదు. 1911లో అయిదో జార్జి తొలి రూపాయి వచ్చినప్పుడు రాజు అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గగ్గోలు రేగింది. ప్రభుత్వం ఆ రూపాయలను వెనక్కి తీసుకుని, 1912 నుంచి బొమ్మను సరిదిద్దింది. ఆ 1911 రూపాయి తోటి రూపాయలకన్నా ఎక్కువ పలకడానికి కారణం ఇదే.

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఆరో జార్జి రూపాయల దగ్గర. 1938, 1939 సంవత్సరాలవి పాత పద్ధతిలో 91.7 శాతం వెండివి. యుద్ధకాలంలో వెండి కరువై 1940 నుంచి 1945 దాకా వచ్చినవాటిలో వెండిని సగానికి తగ్గించారు. మిగతాది రాగి, నికెల్, జింకు. పులి బొమ్మ ఉన్న 1947 రూపాయిలో వెండి అసలే లేదు, అంతా నికెల్. మూడింటి బరువూ ఒకటే, చూపుకీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అందుకే ఇక్కడ తూకం అక్కరకు రాదు. సంవత్సరం చూడాలి, అయస్కాంతం పెట్టాలి: నికెల్ రూపాయి అతుక్కుంటుంది, వెండివి అతుక్కోవు. మొదటి రకంలో సుమారు 10.7 గ్రాముల మేలిమి వెండి ఉంటే రెండో రకంలో 5.83 గ్రాములే. అన్నిటినీ కలిపి ఒకే రేటున తూచే దుకాణంలో అమ్మేవాడికి నష్టం తప్పదు. ఇక 1939 నాటివి జనంలోకి చాలా కొద్దిగానే వచ్చాయి కాబట్టి నకిలీలు ఎక్కువ. 1938లోని చివరి అంకెను చెక్కి 9 చేస్తారు. భూతద్దం కింద ఆ అంకె చుట్టూ గీతలు, పక్క అంకెలతో పోలని మందం కనిపిస్తే అనుమానించాలి.

తెలంగాణ ఇళ్లలో నిజాం సర్కారు హాలీ సిక్కా తరచుగా కనిపిస్తుంది. దాని కొలతలు వేరు: రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. అందువల్ల బ్రిటిష్ రూపాయి కన్నా దాని మారకం విలువ అప్పుడూ తక్కువే. ఒక వైపు చార్మినార్ ఉంటుంది. ఆ ద్వారంలోని ఉర్దూ అక్షరం ‘మీమ్’ అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, ‘ఐన్’ అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. సంవత్సరం హిజ్రీలో, ఉర్దూ అంకెల్లో ఉంటుంది. దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్కకు దగ్గరగా వస్తుంది: 1330 హిజ్రీ అంటే ఇంచుమించు 1912. 1903లో సైఫాబాద్‌కు మారిన నిజాం టంకశాల 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1997లో చర్లపల్లికి తరలింది. స్వాతంత్ర్యం తర్వాతి నాణేల మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌లో ముద్రించినదే.

1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చాక పుట్టిన నాణేల్లో విలువైనవి అరుదు. 25 పైసలు, అంతకన్నా చిన్నవి 2011 జూన్ 30తో చెల్లుబాటు పోగొట్టుకున్నాయి. 1969 నాటి గాంధీ శతజయంతి పది రూపాయల నాణెంలో మాత్రం 80 శాతం వెండి ఉంది. విజయనగర వరహాలు, అర వరహాల వంటి చిన్న బంగారు నాణేలు కనిపిస్తే ఇంట్లో తేల్చుకోవడానికి ప్రయత్నించకుండా నిపుణుడికి చూపించాలి. వాటి నకిలీలు కూడా బంగారంతోనే చేస్తారు.

ఒక రకం మాత్రం అచ్చంగా పనికిరానిది. ఒకవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం, రెండోవైపు ఆంజనేయుడో సీతారాములో ఉన్న అణా, అర్ధణా బిళ్లలను కంపెనీ ఎన్నడూ ముద్రించలేదు. బియ్యపు గింజలను లాక్కుంటుందంటూ రైస్ పుల్లింగ్ పేరుతో మోసగాళ్లు చూపించేవి ఇలాంటి బిళ్లలే. లక్షలు పోగొట్టుకున్నవారిలో చదువుకున్నవారూ ఉన్నారు.

కాసులపేరు సంగతి వేరు. చెవి అతికించిన, రంధ్రం వేసిన నాణెం సేకర్త దృష్టిలో దెబ్బతిన్నదే కాబట్టి దాని విలువ బంగారం విలువే. అతుకు లేని సవరను 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. 1918లో బొంబాయిలో ముద్రించిన సవరన్ల మీద ఇంగ్లిషు ‘ఐ’ అక్షరం చిన్నగా ఉంటుంది.

ధర అడిగేటప్పుడు ఏ ధర అన్నది తెలిసి ఉండాలి. క్యాటలాగులో ఉన్నది దుకాణదారు అమ్మే ధరకు దగ్గర. అతను కొనే ధర దానికన్నా బాగా తక్కువ ఉంటుంది, అది అన్యాయమేమీ కాదు; సరుకు ఏళ్ల తరబడి అతని దగ్గరే పడి ఉండొచ్చు. వేలంలో ఎక్కువ రావచ్చు గానీ కమీషన్ పోతుంది, కొన్ని నెలలు ఆగాలి. ముంబై, అహ్మదాబాద్, బెంగళూరు వేలం సంస్థల పాత ఫలితాలు ఇంటర్నెట్‌లో ఉంటాయి. అమ్మకానికి పెట్టిన ధరలకన్నా అవే నమ్మదగినవి. పోల్చేటప్పుడు అరుగుదల కూడా సమానంగా ఉండాలి: రాణి జుట్టు పాయలు, కిరీటపు రాళ్లు స్పష్టంగా ఉన్న రూపాయికీ నున్నగా అరిగినదానికీ ధరలో పది రెట్ల తేడా ఉండొచ్చు. మామూలువి మూకుమ్మడిగా అమ్మి, మంచివాటిని విడిగా ఇద్దరు ముగ్గురికి చూపించడం తెలివైన పని. పాత నాణేలు కొంటామంటూ ముందుగా పన్నో రుసుమో కట్టమనేవారిని నమ్మవద్దు. అలాంటి వ్యవహారాలతో తనకు సంబంధం లేదని రిజర్వ్ బ్యాంకు 2021లోనే ప్రకటించింది.

చట్టం విషయంలో రెండు సంగతులు తెలిసి ఉండాలి. ఇంటి నేలలోనో గోడలోనో పాతిపెట్టినవి బయటపడితే అవి వారసత్వపు సొమ్ము కిందికి రావు. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. రెండోది, 1972 నాటి పురావస్తు చట్టం కింద వందేళ్లు నిండిన నాణెం పురావస్తువే. దాన్ని ఇంట్లో ఉంచుకోవచ్చు, దేశం దాటించకూడదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన వారసులు తాతగారి విక్టోరియా రూపాయిని గుర్తుగా సూట్‌కేసులో పెట్టుకుని వెళ్లడం కూడా దీని కిందికే వస్తుంది. అలాంటివి ఇక్కడ ఉండే తోబుట్టువుల వాటాలో వేసుకుని, కొత్తవాటిని వాళ్లు తీసుకుంటే ఇబ్బంది ఉండదు.