తెరమీది అవ్వ, ఇంట్లోని అవ్వ

ధర్పల్లి వైపు పల్లెల్లో రాత్రి అన్నాలయ్యాక పిల్లలంతా ఒక సెల్‌ఫోను చుట్టూ మూగి పకపకా నవ్వుతున్నారంటే, అందులో ఉన్నది గంగవ్వేమోనని అనుకోవచ్చు. నవ్వు మంచిదే. అయితే మనము దేనికి నవ్వుతున్నామన్నది ఒకసారి ఆలోచించదగిన సంగతి.

మిల్కూరి గంగవ్వది మన పక్కనున్న జగిత్యాల జిల్లా, మల్యాల మండలంలోని లంబాడిపల్లి. 2012లో ఆ ఊరి యువకులు మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' అనే హాస్య కార్యక్రమం ఆమెను లోకానికి పరిచయం చేసింది. అందులో ఆమె వేసేది ఏమీ ఎరుగని పల్లెటూరి అవ్వ వేషం. పట్నం పద్ధతి ఏదైనా ఎదురైతే తెల్లబోతుంది. మరుక్షణమే సూటిగా ఒక మాట విసురుతుంది. ఆ మాటకు తెలివిగలవాళ్ల నోళ్లు మూతపడతాయి.

ఇలాంటి అమాయకురాలైన పెద్దావిడ పాత్రను ఇతర దేశాలవారూ ప్రేమించారు. అమెరికా టెలివిజన్‌లో 1985 నుండి 1992 వరకు వచ్చిన 'గోల్డెన్ గర్ల్స్' అనే హాస్య ధారావాహికలో రోజ్ అనే విధవరాలు ఉండేది. తన పల్లెటూరి కథలు చెబుతూ తోటి స్త్రీలను విసిగించేది. ఆ వేషం వేసిన బెట్టీ వైట్‌కు దర్శకుడు జే శాండ్రిచ్ చెప్పిన సలహా ఏమిటంటే, రోజ్ మందబుద్ధి కాదు, ఎదుటివారి మాటను ఉన్నదున్నట్టు నమ్ముతుంది, అంతే. ఈ భేదము తెలిసి నటించింది గనుకనే రోజ్ వెక్కిరింతకు గురికాలేదు.

గంగవ్వ విషయంలో మరొక విశేషమున్నది. ఆమెకు చదువు రాదు. కెమెరా ముందుకు రాకముందు ఆమె బ్రతుకు పొలం కూలి, బీడీల చాట. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి వెయ్యి లెక్కపెట్టడమంటే ఏమిటో మన పాఠకులలో అనేకమంది తల్లులకు మేము వివరించనక్కరలేదు. కాగితం చూసి చదవలేని ఆ మనిషి, పక్కవాళ్లు చెప్పిన మాటలను విని, పట్టుకొని, తన యాసలోనే తిరిగి చెబుతుంది. తెరమీద ఏమీ తెలియనట్టు కనిపించడానికి ఎంత తెలిసుండాలి!

2020లో స్టార్ మా వారి 'బిగ్ బాస్' నాలుగవ విడతలో ఆమె ప్రవేశించింది. ఆ కార్యక్రమము కుటుంబముతో కూర్చుండి చూడదగినదని మేము అనము. కాని ఆమె కోరిక మాత్రం ఒక సొంత ఇల్లు. ఆరోగ్యం సహకరించక కొన్ని వారాలకే బయటికి వచ్చేసింది. తరువాత నటుడు నాగార్జున సహాయంతో కలిపి లంబాడిపల్లిలో ఇల్లు లేచింది. 2024లో ఎనిమిదవ విడతకు కూడా ఆమెను పిలిచారు.

ఇక మన ఇళ్ల సంగతి. తెరమీది అవ్వ ఇంగ్లీషు మాటను తప్పుగా పలికితే చప్పట్లు కొట్టిన నోటితోనే, మూలన కూర్చున్న మన అవ్వ అదే మాట తడబడితే "నీకేం తెల్వదు, ఊకో" అంటాము. ఫోనెట్లా ఎత్తాలె బిడ్డా అని రెండోసారి అడిగితే విసుక్కుంటాము. పిల్లలు ఇదంతా చూస్తూనే ఉన్నారు. వాళ్లు నేర్చుకునేది గంగవ్వ హాస్యమా, మన చిరాకా?

మన తెలుగు బైబిలులో తిమోతికి రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయము తెరిస్తే లోయి పేరు పక్కన ఉన్నది ఈ 'అవ్వ' అనే మాటే. నిష్కపటమైన విశ్వాసము మొదట ఆమెలో ఉండెనని పౌలు గుర్తు చేస్తాడు. ఆమె చదువుకున్నదో లేదో అతడు చెప్పలేదు. చెప్పవలసిన అవసరము అతనికి కనబడలేదు కాబోలు.

మన సంఘములలో కూడా చదువురాని అవ్వలున్నారు. చాట ఒడిలో పెట్టుకొని ఆకు చుడుతూనే కీర్తనకు చరణాలన్నీ వరుస తప్పక పాడతారు. పుస్తకము చేతబట్టుకున్న మనము రెండవ చరణానికే పుట వెతుక్కుంటాము. ఇవన్నీ ఎవరు నేర్పిండ్రమ్మా అని అడిగి చూడండి. "మా అవ్వ" అనే జవాబు చాలామంది నోట వస్తుంది.