స్పోర్ట్స్ కారు బేరం: ఎక్స్-షోరూమ్ ధర కాదు, కింది లైన్లు చూడండి

ఫోన్ కొనేటప్పుడు బ్యాంక్ ఆఫర్, ఎక్స్‌ఛేంజ్ బోనస్ అన్నీ లెక్కేస్తాం. కోటి రూపాయల స్పోర్ట్స్ కారు దగ్గర మాత్రం చాలామంది ‘ఎంత తగ్గిస్తారు?’ అని అడిగి ఆగిపోతారు. వెయిటింగ్ ఉన్న మోడల్‌పై డీలర్ పెద్దగా దిగడు. అసలు బేరం కొటేషన్ కింది లైన్లలో ఉంటుంది.

ఇన్సూరెన్స్ డీలర్ దగ్గరే తీసుకోవాలన్న రూల్ లేదు. బయట కొటేషన్ తెచ్చి ముందు పెట్టండి. ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ కనిపిస్తే తీసేయమనండి. రూ.10 లక్షలు దాటిన కారుపై 1 శాతం టీసీఎస్ ఉంటుంది, అంటే కోటికి లక్ష. దీనిలో బేరం లేదు. కానీ ఐటీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కాబట్టి దాన్ని డిస్కౌంట్‌గా చూపిస్తే నమ్మకండి.

ఎర్రుపాలెం వాళ్లకు విజయవాడ దగ్గరే. ‘ఏపీ నంబర్ వేయించుకో’ అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. అయితే వేరే రాష్ట్రం నంబర్‌తో 12 నెలలు దాటి ఇక్కడ ఉంచితే మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ ట్యాక్స్ తప్పవు. లీజు కారు మీ పేరు మీద ఉండకపోవచ్చు. అది ఏ రాష్ట్రం నంబరో, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లో, మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో సంతకానికి ముందే అడగండి.

సర్వీస్ సెంటరేమో పెద్ద సిటీలోనే. కారును లారీ మీద తీసుకెళ్లి తెచ్చే ఖర్చు ఎవరిదో రాయించుకోండి. నన్నడిగితే లక్ష డిస్కౌంట్ కంటే ఇదే మేలు. ఫ్రంట్ లిఫ్ట్ ఆప్షన్ ఉంటే అదీ అడగండి, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు తెలిసినవే కదా.