కరవుకాలమున కర్రపెండలము: ఆకులపై పిచికారి

తెలుగువారు కర్రపెండల మనుదానిని తమిళులు మరవళ్ళి యందురు. రెండు భాషలును కొయ్యవంటి కాండమును బట్టియే దీనికి పేరు పెట్టినవి. సేలము, నామక్కల్ జిల్లాలలో తరతరములుగా స్థిరపడిన తెలుగు రైతులకును, గోదావరి సీమలో పెద్దాపురము, సామర్లకోట ప్రాంతములవారికిని ఇది సగ్గుబియ్యపు మిల్లులకు పోవు పంట. వానలు తప్పిన యేట దీని ఆకులపై ద్రావణములు చల్లుదురు. అవి యేమి చేయగలవో, యేమి చేయజాలవో తెలియనిదే పెట్టిన ఖర్చు ఫలింపదు.

ఆకు అడుగుభాగమున సూక్ష్మరంధ్రములు కలవు. వానిగుండనే గాలి లోనికి పోవును, నీరు ఆవిరియై వెలువడును. గాలి పొడిబారగనే, నేలలో తేమ యింకను మిగిలియున్నను, కర్రపెండలము ఆ రంధ్రములను మూసికొనును. కరవు ముదిరినచో ముదురాకులను రాల్చును. ఈ పొదుపువలననే అది నెలల తరబడి బ్రతికియుండును. అసలు చిక్కు వాన పడిన తరువాత వచ్చును. కొత్త ఆకులు తొడుగుటకై మొక్క దుంపలో దాచిన పిండినే ఖర్చు చేయును. అప్పుడు త్రవ్విన దుంపలో పిండి తక్కువగును. కావున ఉన్న ఆకును నిలుపుకొనుటయే పిచికారి యొక్క ముఖ్యోద్దేశము.

పోషకములు నీటిలో కరగిననే గాని వేళ్ళు వానిని గ్రహింపలేవు. నేల యెండినపుడు ఆకుద్వారా అందించుట యందులకే. రంధ్రములు తెరచుకొనుటకును, మూసికొనుటకును పొటాషియము ఆధారము. ఆకులోని చక్కెర దుంపకు చేరుటకును అదియే తోడ్పడును. మెట్టపైరులకు 100 లీటర్ల నీటిలో 1 కిలో పొటాషియం క్లోరైడు కలిపి చల్లుట వాడుకలో నున్నది. ఇనుము, జింకు చాలక ఆకు పాలిపోవుచోట్ల తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము వేరొక సిఫారసు చేసినది: 1 శాతము ఫెర్రస్ సల్ఫేటు, 0.5 శాతము జింకు సల్ఫేటు, నాటిన 60, 75, 90 రోజులకు.

కేయోలిన్ అను తెల్లమన్నును 3 శాతము కలిపి చల్లుటయు కలదు. ఆ పూత ఎండను మరలించి ఆకును చల్లబరచును; కాని ఆకునకు కావలసిన వెలుతురును సైతము కొంత హరించును. రంధ్రములను తానే మూసికొనుట యెరిగిన ఈ మొక్కకు దానివలన లాభము మితమే యనవచ్చును.

చల్లుటకు ఉదయమో, సాయంకాలమో తగిన వేళ. నడియెండలో ద్రావణము చిక్కబడి ఆకు అంచులు మాడును. ఆకుపై మైనపు పొర యుండుటచే కొంచెము అంటుద్రవము కలుపవలెను. ఆకులు పండి రాలుచుండగా చల్లుట వృథా. నాటిన తొలి అయిదు నెలలలో కలుగు కరవు మిక్కిలి హానికరము. ఒక్క తడికి నీరున్నను అప్పుడే పెట్టవలెను. ఏ పిచికారియు ఆ తడికి బదులు కాజాలదు.

కరవున పెరిగిన దుంపలో చేదువిషము హెచ్చును. మందు చల్లినను, చల్లకున్నను, ఇంటికి తెచ్చుకొన్న దుంపను తొక్కతీసి, ముక్కలుగా కోసి, సమృద్ధియైన నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోసిన పిమ్మటనే పిల్లలకు పెట్టవలెను.